స్తంభం దించనన్న ఏనుగు

పట్టుదల ఒక పాఠంగా, దయ ఇంకో పాఠంగా పిల్లలకు విడివిడిగా చెబుతున్నాం. ఆ రెండూ ఒకటేనని చూపించే పిల్లల బొమ్మల పుస్తకం ఒకటుంది. అందులో కథానాయిక ఏనుగు. ఏనుగు పేరు వింటేనే రాత్రి నిద్ర పట్టని చిత్తూరు జిల్లా గంగవరం, పలమనేరు, కుప్పం పల్లెల పిల్లలకు ఆ కథ ఎందుకు చెప్పాలో, ఎలా చెప్పాలో ఆలోచించే ప్రయత్నమే ఈ కథనం.

ఒక ఊళ్లో గుడి ఉత్సవం. స్తంభం నిలబెట్టాలి. గుంత తవ్వారు. అంత బరువు ఎత్తడం మనుషుల వల్ల కాదని మహాగిరి అనే ఏనుగును పిలిపించారు. మహాగిరి స్తంభాన్ని ఎత్తింది. గుంత దాకా నడిచింది. లోపలికి తొంగి చూసింది. అంతే, వెనక్కి తగ్గింది. మావటి అదిలించాడు. కదల్లేదు. అంకుశంతో పొడిచాడు. అయినా మాట వినలేదు. ఏనుగుకు ఏమైందోనని జనం బెదిరిపోయారు. గుంతలో ఏముందో చూద్దామన్న ఆలోచన మాత్రం ఒక్కరికీ రాలేదు. చివరికి తెలిసింది, లోపల ఒక పిల్లిపిల్ల ఉందని. అది క్షేమంగా బయటపడ్డాక మహాగిరి స్తంభాన్ని గుంతలో నిలబెట్టింది. మావటి కొట్టినా చేయని పనిని, కొట్టకుండానే చేసింది.

ఈ కథ రాసినవారు హేమలత. బొమ్మలు వేసినవారు పులక్ బిశ్వాస్. అచ్చువేసింది ఢిల్లీలోని చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్. ప్రసిద్ధ కార్టూనిస్టు శంకర్ 1957లో ఆ సంస్థను మొదలుపెట్టారు. మన దేశపు పిల్లలకు మన బొమ్మలతో, మన కథలతో, సామాన్యులు కొనగలిగే ధరలో పుస్తకాలు కావాలన్నది ఆయన తపన. ఆ తపన ఫలాల్లో 'మహాగిరి' ఒకటి. దశాబ్దాలుగా దేశంలో ఎన్నో ఇళ్లలో, బడుల్లో పిల్లల చేతుల్లో నలిగిన పుస్తకం ఇది. అరగంటలో అయిపోతుంది. అందులో ఉన్న మాట మాత్రం జన్మంతా పనికొస్తుంది.

ఎక్కిన ఇంజను, ఆగిన ఏనుగు

పట్టుదల గురించి పిల్లల పుస్తకం అనగానే చాలామంది తలుచుకునేది అమెరికాలో 1930లో వచ్చిన చిన్న రైలింజను కథ. కొండ అవతలి పిల్లలకు బొమ్మలు, తినుబండారాలు మోసుకెళ్తున్న రైలు దారిలో ఆగిపోతుంది. పెద్ద పెద్ద ఇంజన్లు సాయం చేయమంటే మొహం చాటేస్తాయి. చివరికి ఒక చిన్న ఇంజను, తనకు అంత బలం లేదని తెలిసీ, ఆ బరువు తలకెత్తుకుని కొండ దాటిస్తుంది. చేయగలనన్న నమ్మకానికి ఉదాహరణగానే ఈ కథను అందరూ చెప్పుకుంటారు. ఆ పని ఎవరి కోసం చేసిందన్నది మాత్రం మరిచిపోతారు. ఆ ఇంజను పోటీలో గెలవడానికి కొండెక్కలేదు. ముక్కూ మొహం తెలియని పిల్లల కోసం ఎక్కింది.

మహాగిరి కథ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. ఇంజను పట్టుదల కదలడంలో ఉంటే, మహాగిరి పట్టుదల కదలకపోవడంలో ఉంది. చెప్పిన పని చేయడం సులువు. చుట్టూ ఊరంతా చూస్తుండగా, పైన అంకుశం పోటు పడుతుండగా, తప్పని తెలిసిన పని చేయకుండా నిలబడటం కష్టం. తన బాధ చెప్పుకోవడానికి ఆ ఏనుగుకు నోరు కూడా లేదు. అపార్థాన్ని, దెబ్బను భరిస్తూ ఒక పిల్లిపిల్ల ప్రాణానికి కాపలా కాసింది.

మన ఇళ్లలో పట్టుదల అన్న మాట ఎప్పుడు వినిపిస్తుంది? పరీక్షలప్పుడు. ర్యాంకుల ముందు. పక్కింటి పిల్లవాడితో పోల్చేటప్పుడు. దయ అన్న మాట ఎప్పుడు వినిపిస్తుంది? బిచ్చం వేసేటప్పుడు, అదీ వీలుంటే. పట్టుదలకు దయ తోడు లేకపోతే అది మొండితనంగా మిగులుతుంది. దయకు పట్టుదల తోడు లేకపోతే అయ్యో పాపం అనడంతో ఆగిపోతుంది. ఈ రెండు సంగతులూ ఆరేళ్ల పిల్లకు ఉపన్యాసంతో ఎక్కవు. గుంత అంచున ఆగిన ఏనుగు బొమ్మతో ఎక్కుతాయి.

ఏనుగులు దిగే ఊళ్లు

గంగవరం మండలం పలమనేరును ఆనుకుని ఉంటుంది. ఇటు పుంగనూరు, అటు కుప్పం, పైన మదనపల్లె. ఎర్రమట్టి నేలలు, మామిడి తోపులు, టమోటా మడులు, మల్బరీ తోటలు, రాగి చేలు. ఒక దిక్కున తమిళనాడు, ఇంకో దిక్కున కర్ణాటక. మధ్యలో అడవి.

ఆ అడవిలోకి 1980లలో ఏనుగులు వచ్చాయి. తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి మందలుగా సాగి, దాదాపు 200 ఏళ్ల తర్వాత ఈ ప్రాంతంలో మళ్లీ అడుగుపెట్టాయని చెబుతారు. 1990లో ఇక్కడి సుమారు 358 చదరపు కిలోమీటర్ల అడవిని కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. పాలారులో కలిసే కౌండిన్య నది పేరే దానికి పెట్టారు. అప్పటినుంచి ఈ పల్లెల జీవితంలో ఏనుగు ఒక భాగమైపోయింది.

"ఏనుగులు దిగినాయంట" అన్న మాట సాయంత్రం వినిపిస్తే ఆ రాత్రి ఊరు నిద్రపోదు. మంచె మీద ఒకరు, గట్టు మీద ఇంకొకరు. చేతిలో టార్చిలైటు, పక్కన టపాసులు, కొట్టడానికి ఒక డబ్బా. వరి పొట్టమీద ఉన్నప్పుడు, చెరకు తీపెక్కినప్పుడు, మామిడి కాయ పట్టినప్పుడు భయం ఎక్కువ. ఒక మంద ఒక్క రాత్రి నడిచి వెళ్తే చాలు. తిన్నదానికంటే తొక్కిందే ఎక్కువ. డ్రిప్ పైపులు చితుకుతాయి, కొబ్బరి మొక్కలు విరుగుతాయి, కట్టాల్సిన అప్పు మాత్రం నిలబడే ఉంటుంది. కాపలాకు పోయినవారు ప్రాణాలు పోగొట్టుకున్న ఇళ్లు ఉన్నాయి.

ఏనుగుకూ సుఖం లేదు. కరెంటు తీగలు తగిలి చనిపోయినవి ఉన్నాయి. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర చెన్నై, బెంగళూరు హైవే దాటుతూ లారీ ఢీకొని ఒకేసారి మూడు ఏనుగులు చనిపోయాయి. కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు. 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం ఏర్పాటైంది. అడవి ఏనుగును మళ్లించడానికి మళ్లీ ఏనుగే, దాని మీద మావటే. మహాగిరి కథలో ఉన్న ఆ జంట ఇప్పుడు ఈ పిల్లల ఊరి పొలిమేరలోనే కనిపిస్తుంది.

ఇలాంటి చోట ఏనుగు దయ గురించి కథ చెబితే ఎలా ఉంటుంది? పంట పోయిన రైతు కొడుకుకు "ఏనుగు ఎంత మంచిదో చూడు" అని చెబితే వాడికి కోపం రావాలి. వస్తుంది కూడా. ఆ కోపం న్యాయమైనది. కాబట్టి ఈ పుస్తకాన్ని ఇక్కడ చదివేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. రైతు నష్టాన్ని పక్కన పెట్టి ఏనుగును పొగడకూడదు. నష్టపరిహారం వేళకు రావాలి, కంచె గట్టిగా ఉండాలి, కాపలా మనిషికి రక్షణ ఉండాలి. అవి పెద్దల పని, ప్రభుత్వం పని. ఆ పని చేయకుండా పిల్లలకు కరుణ బోధించడం అన్యాయం.

అయితే ఆ పిల్లవాడికి కథ దక్కాల్సిన అవసరం కూడా అందరికంటే ఎక్కువే. ఎందుకంటే ఏనుగును వాడు చీకట్లో, అరుపుల మధ్య, భయం ఉన్నప్పుడే చూశాడు. పగటి వెలుగులో, దగ్గరగా, దాని కంట్లోకి చూసే అవకాశం బొమ్మల పుస్తకం ఒక్కటే ఇస్తుంది. "అది ఎందుకు ఆగింది?" అన్న ప్రశ్న ఒకసారి మనసులో పడితే, "అవి మా చేన్లోకి ఎందుకు వస్తాయి?" అన్న ప్రశ్న దాని వెనకే వస్తుంది. నీళ్లెక్కడున్నాయి, మేత ఎక్కడుంది, ఒకప్పుడు వాటి దారి ఎటు పోయేది, ఇప్పుడు ఆ దారిలో ఏం కట్టాం? ఈ ప్రాంతంలో ఏనుగు సమస్యకు రేపు పరిష్కారం వెతకాల్సింది ఈ పిల్లలే. భయంతో, పగతో పెరిగినవారు వెతికే పరిష్కారం వేరు. కారణం అడగడం నేర్చినవారు వెతికే పరిష్కారం వేరు.

బొమ్మ ఎలా నేర్పుతుంది

పిల్లలకు బొమ్మతో చెప్పాలన్న ఆలోచన పాతదే. ఐరోపాలో కొమీనియస్ అనే విద్యావేత్త 1658లో బొమ్మలతో పాఠ్యపుస్తకం వేశాడు. పిల్లల కోసం వేసిన తొలి బొమ్మల పుస్తకాల్లో ఒకటిగా దాన్ని చెప్పుకుంటారు. మన దేశంలో పటం చూపిస్తూ కథ చెప్పడం అంతకంటే పాతది. తోలుబొమ్మలాట తెర ముందు రాత్రంతా కూర్చున్న పల్లెలకు, కలంకారీ గుడ్డ మీద రామాయణం చూసిన ఈ ప్రాంతానికి ఈ సంగతి ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేదు.

మంచి బొమ్మల పుస్తకంలో మాట ఒకటి చెబుతుంది, బొమ్మ ఇంకొకటి చూపిస్తుంది. ఆ రెంటి మధ్య ఖాళీని పిల్ల నింపుతుంది. మహాగిరి వెనక్కి తగ్గిన చోట పేజీ తిప్పకుండా ఆగండి. పిల్లలు వెంటనే మొదలుపెడతారు. గుంతలో పాముందని ఒకరు, నీళ్లున్నాయని ఇంకొకరు, ఏనుగుకు కాలు నొప్పి అని వేరొకరు. ఒక్కో జవాబూ ఏనుగు వైపు నుంచి ఆలోచించిన జవాబే. ఇంకొకరి స్థానంలో నిలబడి చూడటమంటే అదే. దయకు తొలి మెట్టు అక్కడే పడుతుంది, ఎవరూ ఆ పేరు ఎత్తకుండానే.

ఇంకో సంగతి. చదవడం రాని పిల్ల కూడా బొమ్మల పుస్తకం "చదవగలదు". తన ఇంట్లో అందరికంటే మొదట బడి మెట్టెక్కిన పిల్లకు, అక్షరాల దగ్గర వెనకబడిన పిల్లకు అది పెద్ద ధైర్యం. పుస్తకం తనకూ లొంగుతుందన్న నమ్మకం కుదిరితే, అక్షరాలతో కుస్తీ పట్టడానికి ఓపిక వస్తుంది. పట్టుదల గురించి చెప్పే పుస్తకం, పట్టుదలను ఇలా చేతల్లో కూడా నేర్పుతుంది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లో ఒక మాట గట్టిగా చెప్పింది: బిడ్డ పుట్టిన నాటి నుంచే తల్లిదండ్రులు పుస్తకం చదివి వినిపించాలని. టీకాల గురించి చెప్పే వైద్యులే పుస్తకం గురించి కూడా చెప్పారంటే విషయం ఎంత ముఖ్యమో అర్థం చేసుకోవచ్చు.

మదనపల్లె పక్కనే ఒక దారి

ఇలాంటి పని మన ప్రాంతంలో సాధ్యమా అని అడిగేవారికి జవాబు మదనపల్లె పక్కనే ఉంది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో వెలసిన రిషివ్యాలీ బడి అందరికీ తెలిసిందే. దాని చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడుల కోసం జరిగిన పని గురించి తెలిసినవారు తక్కువ. పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివర నుంచి అక్కడ ఒక పద్ధతిని తీర్చిదిద్దారు. ఒకే గదిలో, ఒకే టీచరు దగ్గర వేర్వేరు తరగతుల పిల్లలు కూర్చునే చోట పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ప్రతి కార్డుకు ఒక బొమ్మ గుర్తు. ఏ కార్డు తర్వాత ఏదో మెట్టు మెట్టుగా చూపే నిచ్చెన బొమ్మ గోడ మీద. పిల్ల తన మెట్టు తానే చూసుకుని, తన కార్డు తానే తీసుకుని, తన వేగంతో ముందుకు వెళ్తుంది. అందులో స్థానిక పాటలు, కథలు, పొడుపుకథలు చేరాయి.

ఇందులో పట్టుదల ఉంది, దయ కూడా ఉంది. వెనకబడిన పిల్లను ఎవరూ వెక్కిరించరు, ఎందుకంటే అందరూ ఒకే మెట్టు మీద ఉండాలన్న నియమం లేదు. ముందున్న పిల్ల వెనకున్న పిల్లకు చెబుతుంది. కర్ణాటకలో 'నలి కలి' పద్ధతి, తమిళనాడులో కృత్యాధార బోధన ఈ పల్లెల అనుభవం నుంచి నేర్చుకున్నవే. మన గట్ల మీద మొలిచిన ఆలోచన పొరుగు రాష్ట్రాల్లో లక్షల మంది పిల్లలను చేరింది.

కుప్పం వైపు అగస్త్య ఫౌండేషన్ సైన్సు ప్రయోగాలను బండ్ల మీద బడుల దగ్గరికి తీసుకెళ్లింది. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇంట్లో తమిళమో, కన్నడమో, ఉర్దూనో మాట్లాడి బడిలో తెలుగు చదివే పిల్లలున్న నేల ఇది. అలాంటి పిల్లలకు అక్షరం కంటే ముందు బొమ్మ పలకరిస్తుంది. ఏ భాష పిల్లకైనా ఆగిపోయిన ఏనుగు అర్థమవుతుంది.

తెలుగులో ఏమున్నాయి

తెలుగు పిల్లలకు బొమ్మల కథ అనగానే చందమామ గుర్తొస్తుంది. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో చిత్రా, శంకర్ (కార్టూనిస్టు శంకర్ కాదు, వేరొకరు), వడ్డాది పాపయ్య వేసిన బొమ్మలు చూస్తూ తరాలు పెరిగాయి. ఆ తర్వాత మాస్కో నుంచి వచ్చిన తెలుగు పుస్తకాలు. నున్నటి కాగితం, నిండు రంగులు, తక్కువ ధర. ఉప్పల లక్ష్మణరావు లాంటివారు అక్కడే ఉండి అనువాదాలు చేశారు. విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల్లో వాటి కోసం ఎదురుచూసిన పిల్లలు ఇప్పుడు తాతలయ్యారు. 1991లో సోవియట్ యూనియన్‌తో పాటు ఆ రాకా ఆగింది.

ఆ ఖాళీని పూడ్చే పని ఓపిగ్గా చేస్తున్నవారు ఉన్నారు. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం సంస్థ పాత సోవియట్ కథలను మళ్లీ అచ్చువేసింది, కొత్త బొమ్మల పుస్తకాలు తెచ్చింది. అమెరికాలోని తెలుగువారి సంఘం తానాతో కలిసి బొమ్మల కథల పోటీలు పెట్టి, ఎంపికైన వాటిని పుస్తకాలుగా వేసింది. చెన్నైలోని తులిక తెలుగుతో సహా పలు భాషల్లో ఒకే బొమ్మల పుస్తకాన్ని అచ్చువేస్తుంది. 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ 2015లో స్టోరీవీవర్ ద్వారా తన పుస్తకాలను ఎవరైనా ఉచితంగా చదువుకునేలా, అనువదించుకునేలా తలుపులు తెరిచింది. ఫోను ఉన్న ప్రతి ఇంట్లో ఇప్పుడు ఒక తెలుగు బొమ్మల పుస్తకాల అలమారా ఉన్నట్టే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2020 నవంబరులో 'చదవడం మాకిష్టం' కార్యక్రమం మొదలైంది. పుస్తకాలు బీరువాలో తాళం వేసి ఉంటే అలాంటి కార్యక్రమం పేరుకే మిగులుతుంది. చిరిగినా పర్వాలేదు, పిల్లల చేతుల్లో ఉండాలి.

మన ఊరి పుస్తకం

ఉన్నవి చదివించడం ఒక ఎత్తు. మన ఊరి కథను మనమే బొమ్మల పుస్తకంగా చేసుకోవడం ఇంకో ఎత్తు. సరుకుకు కొదవ లేదు.

పుంగనూరు ఆవును తీసుకోండి. సుమారు మూడడుగుల ఎత్తు. ప్రపంచంలోని అతి పొట్టి పశుజాతుల్లో ఒకటి. కొద్దిపాటి మేతతో బతికి చిక్కటి పాలిచ్చే ఆ జాతి కనుమరుగయ్యే దశకు చేరింది. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం, దాన్ని వదులుకోని కొందరు పెంపకందారులు కలిసి నిలబెట్టారు. పెద్ద ఆవుల మందలో చిన్న ఆవు, దాన్ని వదలని ఒక అవ్వ. పట్టుదల, దయ రెండూ ఉన్న కథ మన కొట్టంలోనే ఉంది. పలమనేరు పరిసరాల్లో కుమ్మరి చక్రం మీద ఎర్రమట్టి బొమ్మగా మారే క్రమం ఇంకో పుస్తకం. మట్టి తడపడం, తొక్కడం, విరిగినదాన్ని మళ్లీ ముద్ద చేయడం, కాల్చడం, ఒక్కో పేజీకి ఒక్కో బొమ్మ. మదనపల్లె మార్కెట్లో టమోటా ధర పడిపోయిన రోజు ఒక రైతు ఏం చేశాడన్నది మరో పుస్తకం. ముసలిమడుగు శిబిరంలో మావటి తెల్లవారుజామున ఏనుగుకు స్నానం చేయించడం ఇంకొకటి.

వీటిని మన మాటలోనే రాయాలి. రచయిత నామిని 'పచ్చనాకు సాక్షిగా'తో చిత్తూరు పల్లె మాట అచ్చులో ఎంత అందంగా ఉంటుందో చూపించారు. పెద్దలకు పనికొచ్చిన ఆ మాట పిల్లలకు పనికిరాకుండా పోదు. అచ్చు ఖర్చు గురించి మొదటే బెంగపడక్కర్లేదు. నాలుగు డ్రాయింగు షీట్లు సగానికి మడిచి కుడితే పదహారు పేజీల పుస్తకం. కథ అవ్వది, బొమ్మలు పిల్లలవి, అక్షరాలు టీచరువి. ఒక్కో బడిలో ఏడాదికి అలాంటివి నాలుగు తయారైతే, ఐదేళ్లలో ఆ బడికి సొంత గ్రంథాలయం ఉంటుంది.

ఇలా చదివి వినిపించండి

పుస్తకాన్ని పిల్లల వైపు తిప్పి పట్టుకోండి. మీకు పక్క నుంచి కనిపిస్తే చాలు.

మొదటిసారి బొమ్మలు మాత్రమే చూపించండి. కథ పిల్లల్నే చెప్పనివ్వండి. రెండోసారి మీరు చదవండి.

ముఖ్యమైన మలుపు దగ్గర ఆగండి. "ఇప్పుడేమవుతుంది?" అని అడిగి నిజంగా వినండి. తప్పు జవాబు అంటూ ఏదీ లేదు.

పుస్తకం ఇంగ్లిషులోనో, హిందీలోనో ఉందని పక్కన పెట్టకండి. బొమ్మ చూపిస్తూ మీ ఇంటి మాటలో చెప్పండి.

నీతి చెప్పి ముగించకండి. కథ తన పని తాను చేసుకుంటుంది. మళ్లీ చదవమంటే మళ్లీ చదవండి.

చదవడం రాని అమ్మ, అవ్వ కూడా బొమ్మ చూసి కథ చెప్పగలరు. వాళ్లను బడికి పిలవండి.

మహాగిరి లాంటి పుస్తకం ఒకటి ఓ పూట సినిమా టికెట్టు కంటే ఎక్కువ ఖర్చు కాదు. గంగవరం మండలంలోనైనా, మీ ఊళ్లోనైనా, ఈ నెలలో ఒక బడికి ఒక్క బొమ్మల పుస్తకం ఇవ్వండి. ఇచ్చి వచ్చేయకండి. పిల్లల మధ్య నేల మీద కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా మీరే చదివి వినిపించండి.